పిల్లిగారి పళ్ళెం – ఇల్లాలి గచ్చు

ఇంట్లో పిల్లి ఉన్న ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. "దానికి పెట్టే తిండి ఎంతమ్మా, పిడికెడు. అది తిన్నచోటు తుడవడమే నా ప్రాణానికొచ్చింది" అంటుంది. పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళితే కాలికింద చల్లగా నీళ్ళు. రెండడుగులు వేస్తే అరికాలికి అంటుకునే అన్నం మెతుకు. గ్యాస్ బండ వెనకాల చేప ముల్లు, దాని చుట్టూ చీమల బారు. నీళ్ళగిన్నె పెట్టినచోట ఉండదు, జరిగి జరిగి బియ్యం డబ్బా పక్కకి చేరి ఉంటుంది. ఇంత నిర్వాకం చేసిన పిల్లిగారు మాత్రం గడపమీద కూర్చుని, కాలితో మూతి తుడుచుకుంటూ, తనంత శుభ్రమైన ప్రాణి లోకంలో లేదన్నట్టు మనవంక చూస్తుంది.

నిజం చెప్పొద్దూ, నేనూ చాలాకాలం దాన్ని తిట్టుకున్నదాన్నే. తిట్టుకోవడంతో ఊరుకోకుండా ఒక పొరపాటు కూడా చేశాను. మీలో ఎవరూ ఆ పొరపాటు చెయ్యకూడదనే ఇది రాస్తున్నాను. అయితే ముందు, పిల్లి ఇలా ఎందుకు చేస్తుందో తెలియాలి కదా!

అమ్మమ్మలకి లేని బాధ

మా కోనసీమ పల్లెల్లో ఒకప్పుడు పిల్లిని ముద్దుకోసం పెంచేవారు కాదు, పనికోసం ఉంచుకునేవారు. వాకిట్లో ధాన్యం పురి, అటకమీద కురిడీ అవడానికి నెలల తరబడి ఆరేసిన కొబ్బరికాయలు. ఈ రెండూ ఎలుకలకి పెళ్ళిభోజనాలే! అందుకని పెరట్లో ఓ పిల్లి తిరుగుతూ ఉండేది. పెరటి గుమ్మం పక్కన కొబ్బరిచిప్పలో మిగిలిన అన్నం, ఇంత మజ్జిగ పోసి పెట్టేవారు. మిగతా తిండి అదే వేటాడుకునేది. ఇక నీళ్ళంటారా, దానికోసం విడిగా గిన్నె పెట్టిన ఇల్లు నేనెరగను. కుడితి గోలెం ఉంది, నూతి చప్టా ఉంది, ఇంటివెనక పంటకాలవ ఉంది. ఒలికినా పేడతో అలికిన నేల చిటికెలో పీల్చేసేది. కింద పడ్డ మెతుకులు కోళ్ళు ఏరుకునేవి. పిల్లి తిన్నచోట మా అమ్మమ్మ తడిగుడ్డ పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా మేడలు లేచాయి, వంటింటి నిండా టైల్సు పరిచాం. ధాన్యం చాలామందికి కళ్ళంలోంచే అటునుంచటే వెళ్ళిపోతోంది. పురులూ లేవు, కుడితి గోలేలూ లేవు. పనిపోయిన పిల్లి ఇంట్లోకొచ్చి కుర్చీ ఎక్కింది. దాని అలవాట్లు మాత్రం పెరటివే! మట్టినేల మీద కనపడని ఆ చిందరవందరంతా తెల్లటి టైల్సు మీద కొట్టొచ్చినట్టు కనపడుతోంది. అందుకే మనం ఇంత విసుక్కుంటున్నాం.

నాలుకది కాదు తప్పు

అమెరికాలో ఎం.ఐ.టి. అని పెద్ద సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడి అధ్యాపకుడొకాయన ఓ రోజు పొద్దున్న ఫలహారం చేస్తూ తన పిల్లి నీళ్ళు తాగడం చూసి, అది ఎలా తాగుతోందబ్బా అని ఆశ్చర్యపోయాడట. తోటివాళ్ళతో కలిసి వేగంగా ఫొటోలు తీసే కెమెరాలు పెట్టి చూసి, 2010లో 'సైన్స్' పత్రికలో ఆ సంగతి ప్రకటించారు. కుక్క నాలుకని గరిటెలా వంచి నీళ్ళలో ముంచుతుంది, చుట్టూ చిమ్ముతుంది. పిల్లి అలా కాదు. నాలుక కొసని నీటి పైపొరకి ఊరికే తాకించి చటుక్కున పైకి లాగుతుంది. ఆ ఊపుకి సన్నటి నీటిధార పైకి లేస్తుంది. అది మళ్ళీ కిందపడేలోపు నోరు మూసేస్తుంది. ఇదంతా సెకనుకి ఇంచుమించు నాలుగుసార్లు! గడ్డం కూడా తడవదు.

అంటే తాగడంలో పిల్లి మనకన్నా నేర్పరే. మరి గచ్చుమీద నీళ్ళెక్కడివి? కాలు పెట్టి కెలకడం వల్ల, గిన్నెని లాగడం వల్ల.

ఎందుకు కెలుకుతుందీ అంటే, పిల్లికి దూరంలో కదిలే ఎలుక బాగా కనపడుతుంది గానీ ముక్కు కిందున్న వస్తువు సరిగా ఆనదు. నిలకడగా ఉన్న తేట నీళ్ళు, అదీ మెరిసే స్టీలు గిన్నెలో ఉంటే, పైపొర ఎక్కడుందో దానికి తెలియదు. అందుకని కాలితో తట్టి చూస్తుంది. నీళ్ళు కదిలితే వెలుగు కదులుతుంది, అప్పుడు మూతి పెడుతుంది. కొన్ని పిల్లులు కాలు ముంచి ఆ కాలే నాక్కుంటాయి. ఇక పిల్లకూనలైతే వాటికి అది ఆటే. రోజూ గిన్నెలో నీళ్ళు ఒకే మట్టానికి పోస్తూ, వెలుతురున్న చోట పెడితే ఈ కెలుకుడు చాలామటుకు తగ్గుతుంది. మా ఇంట్లో పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఇంకో సంగతి. మన పెంపుడు పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల ఎడారి ప్రాంతాల అడవిపిల్లులు. తిన్న ఎలుకలోంచో పిట్టలోంచో వచ్చే తడితోనే బతకడం వాటికి అలవాటు. అందువల్ల దాహం వేయడమే తక్కువ. చుట్టూ గోదావరి పాయలు, సముద్రం, అడుగడుగునా కాలవ ఉన్న మన కోనసీమలో తిరుగుతున్నా, ఒంట్లో ఉన్నది ఎడారి బుద్ధే! ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

నేను చేసిన పని

రెండేళ్ళ కిందటి మాట. వైశాఖంలో ఓ రోజు తెల్లవారుజామున మా అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి, పిల్లి ఒలకబోసిన నీళ్ళమీద జారి పడ్డారు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు గానీ చీలమండ బెణికి మూడువారాలు మంచం దిగలేదు. డెబ్భై దాటిన మనిషి, అదే తుంటి విరిగుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

"అమ్మాయ్, ఆ పిల్లి నీళ్ళగిన్నె ఇంట్లో మళ్ళీ నా కంటపడిందా, నేను మా అమ్మాయిగారింటికి పోతాను" అన్నారావిడ. అనడంలో తప్పేముంది? నేను వెంటనే నీళ్ళగిన్నె తీసుకెళ్ళి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన పెట్టేశాను. అన్నం, చేపముక్కలు కూడా మానిపించి, చిందరవందర ఉండదు కదా అని బజారులో దొరికే పొడి గింజల తిండి మొదలెట్టాను. వంటిల్లు అద్దంలా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెరట్లో గిన్నె పొద్దెక్కేసరికి ఎండలో కాగిపోయేది. నేను చూసుకోలేదు. మా గండుపిల్లి అటువైపు వెళ్ళేదో లేదో కూడా పట్టించుకోలేదు. ఇరవైరోజులు గడిచాయేమో, ఓ సాయంత్రం అది అరటిచెట్ల మొదట్లో కూర్చుని ముక్కుతోంది. లేస్తుంది, ఇంకోచోట కూర్చుంటుంది, మళ్ళీ ముక్కుతుంది. విరేచనం బిగిసిందనుకుని ఆముదం పట్టిద్దామా అని ఆలోచిస్తున్నాను. మర్నాడు పొద్దుటికి తిండి ముట్టలేదు, కక్కింది, పొట్ట ముట్టుకుంటే అరిచింది. అప్పుడు మావారు బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తారు, వెనకాలే నేను.

"మగపిల్లేనాండీ?" అన్నారాయన పొట్టమీద చెయ్యివేసి.

"ఆయ్, మగదేనండీ."

"ఉచ్చపోసి ఎంతసేపైందండీ?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. తెలిస్తే కదా చెప్పడానికి! మూత్రం బంధించింది. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి తీశారు. "ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదండి" అన్నారు. నీళ్ళు తగ్గడం ఒక్కటే కారణమని చెప్పలేమనీ, లావుగా ఉండే పిల్లులకీ, కంగారుపడ్డ పిల్లులకీ కూడా వస్తుందనీ, కానీ పొడి తిండి పెట్టి నీళ్ళు అందకుండా చెయ్యడం దానికి ఆజ్యం పోసినట్టేననీ చెప్పారు. మగపిల్లికి మూత్రనాళం మరీ సన్నం. అందుకే వాటికే ఎక్కువ ప్రమాదం. పిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క రాకపోతే అది విరేచనం బాధ అనుకుని ఇంటివైద్యం చెయ్యకండి. రేపు చూద్దామనీ అనుకోకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు ఒక్కమాటా అనలేదు. కుంటుకుంటూ సామాన్లగదిలోకి వెళ్ళి, అంచు పెచ్చూడిపోయి మూలపడేసిన తన పాత రాచ్చిప్ప తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది జరపమను చూద్దాం" అన్నారు.

రాచ్చిప్పే ఎందుకు?

బరువుగా ఉంటుంది. పిల్లి కాలితో లాగినా కదలదు. నోరు వెడల్పు కాబట్టి మీసాలు అంచులకి రాసుకోవు. రాయి కాబట్టి నీళ్ళు తొందరగా వేడెక్కవు. లోపల నల్లగా ఉంటుంది, స్టీలులా తళతళలాడదు. మీ ఇంట్లో రాచ్చిప్ప లేకపోతే బరువైన పింగాణీ గిన్నె గానీ, వెడల్పాటి మట్టి మూకుడు గానీ సరిపోతుంది. అయితే మట్టిపాత్రని సబ్బుతో తోమకండి, సబ్బు పీల్చుకుంటుంది. వేడినీళ్ళు పోసి పీచుతో రుద్దితే చాలు. కొబ్బరిచిప్ప మాత్రం వద్దు. అడుగు గుండ్రం కాబట్టి ఊగుతుంది, టైల్సు మీదైతే బొంగరమే! ప్లాస్టిక్ గిన్నెకి గీతలు పడి ఆ సందుల్లో జిడ్డు చేరుతుంది. కొన్ని పిల్లులకి గడ్డం కింద నల్లటి కురుపులు వస్తాయి. ఎందుకొచ్చిన బాధ?

గిన్నె కింద ఏం వేయాలన్నదాంట్లో నేను చాలా ప్రయోగాలు చేశాను. మన ఊరి కొబ్బరిపీచు పట్టా వేస్తే చూడ్డానికి బాగుంది గానీ తడి పీల్చుకుని నాలుగోరోజుకి ముక్కవాసన, మెతుకులు పీచులో ఇరుక్కుని బొద్దింకలకి విందు. న్యూస్‌పేపరు తడిసి గచ్చుకి అతుక్కుపోతుంది. గోనెగుడ్డ కూడా పీచు బాపతే. చివరికి నిలబడింది వేలెడు అంచున్న పాత స్టీలు పళ్ళెం. దాని మధ్యలో రాచ్చిప్ప. ఒలికినదంతా పళ్ళెంలోనే ఉంటుంది, గచ్చుమీదకి రాదు. పొద్దునా సాయంత్రం పళ్ళెం వంచి పారబోస్తే సరి. పళ్ళెం కింద పాత సైకిలు ట్యూబు ముక్క వేస్తే జారదు కూడా.

ఇక ఎక్కడ పెట్టాలీ అంటే, మనుషులు నడిచే దోవలో వద్దు. గుమ్మం ఎదురుగా, స్టవ్ దగ్గర, వృద్ధులు రాత్రిళ్ళు లేచి వెళ్ళే దారిలో అసలే వద్దు. తిండిపళ్ళేనికి ఆనించి పెట్టకుండా నాలుగడుగులు ఎడంగా పెట్టండి. తింటూ తింటూ నీళ్ళలో మెతుకులు రాల్చడం తగ్గుతుంది. చాలా పిల్లులు విడిగా ఉన్న నీళ్ళే ఇష్టంగా తాగుతాయి కూడా. రెండో గిన్నె ఒకటి వసారాలో నీడపట్టున ఉంచండి. రోజూ నీళ్ళు మార్చాలి, ఊరికే మార్చడం కాదు, గిన్నె లోపల వేలుపెట్టి చూడండి. పాకుడులా జారితే కడగలేదన్నమాటే.

ఎన్ని నీళ్ళు కావాలంటారా? నాలుగు కిలోల పిల్లికి తిండిలో తడితో కలిపి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఓ గ్లాసుడు. చేపలో నూటికి 70 పాళ్ళకి పైగా నీరే ఉంటుంది. పొడి గింజల్లో 10 పాళ్ళు మించదు. లెక్క మీరే వేసుకోండి.

చేపముక్క ఊరేగింపు

పిల్లి పళ్ళెంలోంచి ముక్క నోటకరుచుకుని మంచం కిందికి ఎందుకు లాక్కుపోతుంది? వేటాడే జంతువు కాబట్టి. దొరికిన దాన్ని ఇంకెవరూ లాక్కోని చోటికి తీసుకెళ్ళి తినడం దాని పుట్టుబుద్ధి. ఇంట్లో రెండో పిల్లి గానీ, వీధికుక్క గానీ, చిన్నపిల్లల అల్లరి గానీ ఉంటే ఇది మరీ ఎక్కువ. పైగా పిల్లికి మనలా నమిలే పళ్ళు లేవు. పక్కపళ్ళతో కత్తెరలా కోసుకుని మింగుతుంది. పెద్ద ముక్క పడేస్తే దాన్ని విదిలించి, నేలకి వేసి, తల పక్కకి వంచి కోస్తుంది. గోడలమీద పులుసు మరకలు అందుకే!

కాబట్టి చేపల తలకాయలు అలాగే పడెయ్యకండి. చేపలావిడ ఊరికే ఇచ్చే చిన్న చేపలైనా సరే, ఉడికించి, ముళ్ళు తీసి, చిన్నచిన్నగా చిదిపి పెట్టండి. ఉడికిన ముల్లు గొంతులో దిగబడితే అదో గండం. పులుసులో ముక్క పెట్టడం కూడా మంచిది కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం లాంటివి. ఉప్పూ కారాల సంగతి సరేసరి. పులుసులో వేసేముందే దాని వాటా రెండు ముక్కలు తీసి, ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టండి. ఆ ఉడికించిన నీళ్ళు పారబొయ్యకుండా ముక్కలమీదే పొయ్యండి. టారిన్ అనే పోషకం పిల్లికి తిండిలోంచే రావాలి, అది లోపిస్తే కంటిచూపు దెబ్బతింటుందని 1975లోనే తేలింది. ఉడికించినప్పుడు ఆ టారిన్ కొంత నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ నీళ్ళు పోస్తే పోషకమూ దక్కుతుంది, పిల్లి కడుపులోకి నీళ్ళూ వెళతాయి. మా గండుపిల్లిచేత నీళ్ళు తాగించడానికి నాకు దొరికిన అన్నింటికన్నా మంచి ఉపాయం ఇదే.

శాకాహారుల ఇళ్ళలో పెరుగన్నం తోనే పిల్లి బతికేసింది అంటారు. పాతరోజుల్లో అది ఎలుకల్ని తిని లోటు పూడ్చుకునేది. మేడమీది పిల్లికి ఎలుకలేవి? అటువంటివారు మాంసం కలిసిన పిల్లి తిండి కొంతైనా కొని పెట్టక తప్పదు. ఇక పాలగిన్నె. తెనాలి రామకృష్ణుడి పిల్లి వేడిపాలకి మూతి కాలి ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోయిందని కథ. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు పారిపోవలసిన పదార్థమే, అరగక విరేచనాలవుతాయి. ఆ శుభ్రం చెయ్యడం ముందు ఈ మెతుకులు ఏమూల!

తిన్నాక పళ్ళెం చుట్టూ నేల గోకుతుంది చూశారా? "వంట బాగోలేదని మట్టి కప్పుతోంది" అని మావారు నన్ను ఏడిపిస్తారు. అది మిగిలిన తిండిని దాచుకోవడం. ఒక్కసారే బోలెడు పెట్టినందువల్ల వచ్చిన గోకుడు. కొంచెం కొంచెంగా మూడు నాలుగుసార్లు పెట్టి, అరగంటలో పళ్ళెం తీసేస్తే గోకడమూ ఉండదు, ఈగలూ ఉండవు. మన ఉక్కపోతకి చేప మధ్యాహ్నం దాకా నిలవదు కూడా.

చీమలకి మందు వేస్తున్నారా?

పంచదార డబ్బాకి మన పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటే పిల్లి పళ్ళేనికీ చెయ్యండి. అంచున్న పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో బోర్లించిన గిన్నె పెట్టి, దానిమీద తిండిపళ్ళెం. చీమ దాటలేదు. అంతేగానీ చుట్టూ చీమల సుద్ద గీయకండి, పొడి చల్లకండి. వాటిలో సాధారణంగా ఉండే పైరెత్రాయిడ్ జాతి మందుల్ని పిల్లి ఒళ్ళు విరగ్గొట్టుకోలేదు. కాళ్ళకి అంటుకుంటుంది, కాళ్ళు నాక్కుంటుంది, వణుకూ మూర్ఛా వస్తాయి. ఫినాయిల్ సంగతీ అంతే. పిల్లి తినేచోట, తాగేచోట ఫినాయిల్‌తో తుడవకండి. సబ్బునీళ్ళతో తుడిచి, మామూలు నీళ్ళతో మళ్ళీ తుడిచి, పొడిగుడ్డ వేస్తే చాలు. వృద్ధులున్న ఇంట్లో ఆ పొడిగుడ్డ మర్చిపోవద్దు.

ఇన్ని చేసినా, ఎప్పుడూ ఒద్దికగా తినే పిల్లి హఠాత్తుగా మెతుకులు నోట్లోంచి జార్చుకుంటోందంటే పళ్ళు చూపించండి. చిగుళ్ళ వాపు అయివుంటుంది. నాలుగురోజుల్లో ఖాళీ అయ్యే గిన్నె పూటకే ఖాళీ అవుతుంటే అది కూడా డాక్టరుకి చెప్పవలసిందే. వయసు మళ్ళిన పిల్లుల్లో మూత్రపిండాల జబ్బూ, చక్కెర జబ్బూ అలాగే బయటపడతాయి.

మా అత్తయ్యగారు ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టాక రాచ్చిప్పలో నీళ్ళు మార్చడం తన పనిగా పెట్టుకున్నారు. వంచి పోస్తూ, "ఇవాళ సగం తాగాడే" అని నాకు వినపడేలా అంటారు. నిన్న కూడా మా గండుపిల్లి వచ్చి ముందు కుడికాలు ముంచింది. నీళ్ళు పళ్ళెంలోనే పడ్డాయి.